పాట అరగలేదు... పెట్టె అలసింది!

అటక మీంచి పాత ఎల్పీ రికార్డు దించి ఆడిస్తే గొంతు పీలగా వస్తుంది. మృదంగం వినపడదు, బుస్సుమనే చప్పుడు మాత్రం నిండుగా ఉంటుంది. ‘అరిగిపోయిందిలే’ అనేసి పాత సామాన్ల బండికి తూకానికి వేసేస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు... చాలాసార్లు తప్పు రికార్డుది కాదు, దాన్ని చదివే చిన్న సర్క్యూట్‌ది. దాని పేరు ఫోనో ప్రీయాంప్లిఫయర్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు ఊళ్ల దారి వెంట వెళితే ఆ సర్క్యూట్ గుట్టు, దాన్ని బాగుచేసుకునే తీరు రెండూ తెలుస్తాయి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిని పాతవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి, మూసీని కూడా దాటితే సూర్యాపేట. సుమారు 135 కిలోమీటర్లు. రైలు లేని ఊరు కాబట్టి రోడ్డే దానికి అన్నీ. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. అంతకుముందు నల్గొండ జిల్లాలో భాగం.

ఊరికి దగ్గర్లోనే దురాజ్‌పల్లి గుట్ట. రెండేళ్లకోసారి ఇక్కడ లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతరంటే తెలియనివాళ్లుండరు. తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతరని పేరు. ఆ రోజుల్లో హైవే మీది బండ్లను వేరే దారి పట్టిస్తారు. భేరీల మోత, ‘ఓ లింగా’ అనే కేకలు, వాటి మధ్యలో మైకులు... గుట్ట గుట్టంతా శబ్దమే.

గొట్టం దాచిన లోపం

జాతర అనగానే మైకు సెట్టు గుర్తొస్తుంది. క్యాసెట్లు రాకముందు మైకు సెట్టంటే ఓ యాంప్లిఫయరు, రికార్డు ఆడించే పెట్టె, చెట్టుకో గుంజకో కట్టిన రెండు గొట్టాలు. పెళ్లయినా, గుడి ఉత్సవమైనా, ఊళ్లోకి కొత్త సినిమా వచ్చినా ముందు మోగేది ఆ గొట్టమే.

అంతకుముందు వాల్వులతో నడిచే సెట్లుండేవి. వాటికి రెండు, మూడు వందల వోల్టుల కరెంటు కావాలి. గుట్ట మీద, పొలాల మధ్య అదెక్కడ దొరుకుతుంది? ఆ చిక్కు తీర్చింది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పుట్టిన ఈ చిన్న గింజ, 1962 నాటికి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారవడం మొదలైంది. పన్నెండు వోల్టుల కారు బ్యాటరీ ఉంటే చాలు, పాట ఎక్కడికైనా వెళ్లొచ్చు.

అయితే గొట్టం మైకుకు ఓ గుణం ఉంది. అది మాటను చాలా దూరం తీసుకెళుతుంది గానీ బేస్‌ను దాదాపు పలకదు. సుమారు 300 హెర్ట్జ్‌ల కింద ఉన్న స్వరాలు అందులోంచి బయటికి రావడం కష్టం. అందుకని లోపల ప్రీయాంప్ ఎంత నాసిగా ఉన్నా జాతరలో ఎవరికీ తెలిసేది కాదు. బేస్ పోయిందన్న సంగతి, బేస్ పలకని గొట్టం ఎలా చెబుతుంది?

అదే పెట్టెను ఇంటికి తెచ్చి మంచి చెక్క స్పీకరుకు కలిపితే గుట్టంతా బయటపడుతుంది. తబలా డొల్లగా, గాయకుడి గొంతు జలుబు చేసినట్టుగా వినిపిస్తుంది. అప్పుడు నింద రికార్డు మీద పడుతుంది!

గాడిలో శాసనం

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల వంశీకులు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు ఉన్న ఊరు. చూసేవాళ్లను కట్టిపడేసే నల్లరాతి స్తంభాలతో పాటు శాసనాలూ ఉన్నాయి. రాతి మీద అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి. కానీ ఆ లిపి తెలియనివాళ్లకు అవి గీతలే. రాయి అరిగిందా, మనకే చదవడం రాదా అన్నది లిపి తెలిసినవాళ్లు వచ్చాకే తేలుతుంది.

రికార్డు గాడి కూడా అలాంటి శాసనమే. అందులోని పాట ఉన్నది ఉన్నట్టుగా చెక్కి ఉండదు. బేస్ స్వరాలను పూర్తిగా చెక్కితే గాడి అటూ ఇటూ బాగా ఊగి పక్క గాడిలోకి చొరబడుతుంది. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గిస్తారు. సన్నటి స్వరాలేమో రికార్డు గరగరలో మునిగిపోతాయి. అందుకని వాటిని పెంచి చెక్కుతారు. ఆడించేటప్పుడు ఈ రెండింటినీ తిరగేయాలి. తగ్గించినదాన్ని పెంచాలి, పెంచినదాన్ని తగ్గించాలి. ప్రీయాంప్ చేసే అసలు పని ఇదే.

ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి? అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం 1954లో ఓ కొలత ఖాయం చేసింది. ఆర్ఐఏఏ కొలత అంటారు. వెయ్యి హెర్ట్జ్‌ల స్వరంతో పోలిస్తే 20 హెర్ట్జ్‌ల దగ్గర తొమ్మిది రెట్లకు పైగా పెంచాలి. 20 వేల హెర్ట్జ్‌ల దగ్గర దాదాపు అన్ని రెట్లు తగ్గించాలి. సర్క్యూట్‌లో ఈ పని చేసేవి రెండు మూడు కెపాసిటర్లు, రెండు మూడు రెసిస్టర్లు. వాటిలో ఒక్కటి విలువ తప్పినా పాట స్వరూపం మారిపోతుంది.

పని ఇంకోటి కూడా ఉంది. మంచి మ్యాగ్నెటిక్ కాట్రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం సుమారు 5 మిల్లీ వోల్టులు మాత్రమే. యాంప్లిఫయరుకు అందాలంటే దాన్ని యాభై రెట్ల దాకా పెంచాలి. పాత పెట్టెల్లో ఎక్కువగా ఉండే సిరామిక్ కాట్రిడ్జ్‌ది వేరే దారి. దాన్నుంచి వందల మిల్లీ వోల్టులు వస్తాయి. దానికి పది లక్షల ఓమ్‌లు, అంతకన్నా ఎక్కువ లోడు కావాలి. మ్యాగ్నెటిక్‌కు 47 వేల ఓమ్‌లు సరిపోతాయి. సిరామిక్‌ను తక్కువ లోడుకు నేరుగా కలిపితే బేస్ ఎగిరిపోతుంది. మ్యాగ్నెటిక్‌ను ప్రీయాంప్ లేకుండా కలిపితే పాట చీమ నడిచినట్టు వినిపిస్తుంది. ‘రికార్డు అరిగింది’ అనే ఫిర్యాదుల వెనుక ఈ రెండు జతల తికమక కూడా ఉంటుంది.

కోదాడ: రెండు కొలతల సరిహద్దు

సూర్యాపేట నుంచి సుమారు 45 కిలోమీటర్లు వెళితే కోదాడ. ఇంకాస్త ముందుకెళితే ఆంధ్రప్రదేశ్. నిజాం కాలంలోనూ ఇక్కడే సరిహద్దు. అవతల జగ్గయ్యపేట, ఇవతల కోదాడ. 1956లో ఆ గీత చెరిగింది. 2014 జూన్ 2 నుంచి మళ్లీ వచ్చింది. గీత ఉన్నా లేకపోయినా పాటలు మాత్రం ఆగలేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియోకు ఈ గీతతో పనేముంది?

రికార్డుల్లోనూ ఇలాంటి సరిహద్దు ఒకటుంది. 1954కు ముందు కంపెనీకో కొలత. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల్లో చాలావాటికి ఇప్పటి కొలత వర్తించదు. మన దేశంలో ఆ రికార్డులు 1960ల్లో కూడా తయారయ్యాయి. నాటక పద్యాలు, బుర్రకథలు, ఘంటసాల ‘పుష్పవిలాపం’... ఎన్నో ఇళ్లలో అవి అట్టముక్కల మధ్య నిలబెట్టి ఉంటాయి.

పాత లక్క రికార్డును ఆర్ఐఏఏ కొలతకు కట్టిన సర్క్యూట్‌లో ఆడిస్తే, పెంచని సన్న స్వరాలను కూడా ప్రీయాంప్ తగ్గించేస్తుంది. పద్యం దుప్పటి కప్పుకుని పాడినట్టు మూగగా వస్తుంది. దీనికి మందు చాలా చవక. సన్న స్వరాలను తగ్గించే కెపాసిటరు దారిలో చిన్న స్విచ్చు పెట్టించడమే. ఎల్పీకి ఒకవైపు, 78కి ఇంకోవైపు. గరగర ఎక్కువనిపిస్తే యాంప్లిఫయరులోని ట్రెబుల్ నాబ్‌ను కాస్త తిప్పుకోవచ్చు.

ముల్లు కూడా మారాలి. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు. 78 గాడికి దాదాపు 75 మైక్రాన్లది కావాలి. సన్న ముల్లు వెడల్పు గాడిలో అడుగుకు దిగి దుమ్మును గీకుతుంది. అప్పుడు ఎంత మంచి సర్క్యూట్ ఉన్నా లాభం లేదు.

గుండెలో రెండు గింజలు

ఇంతకీ ఈ ప్రీయాంప్‌లో ఏముంటుంది? 1960ల చివర్లో, 70ల్లో ప్రపంచమంతా వాడిన నమూనా చాలా తేలిక. చెవికి రెండే ట్రాన్సిస్టర్లు. మొదటిది గాడిలోని గుసగుసను అందుకుంటుంది. రెండోది దాన్ని పెద్దది చేస్తుంది. రెండోదాని నుంచి కొంత సంకేతం వెనక్కి మళ్లి మొదటిదాని దగ్గరికి వస్తుంది. ఆ వెనక్కి వచ్చే దారిలోనే ఆర్ఐఏఏ కొలత తీర్చే భాగాలుంటాయి.

నమూనా మంచిదే, కానీ మూడు బలహీనతలున్నాయి. మొదటిది, బేస్‌కు చాలా ఎక్కువ పెంపు కావాలి. తక్కువ గెయిన్ ఉన్న ట్రాన్సిస్టర్లకు అంత శక్తి ఉండదు, దాంతో బేస్ కుంగుతుంది. రెండోది, 9 వోల్టుల సప్లై మీద నడిపితే పెద్ద స్వరం దగ్గర, రికార్డు మీద గీత పడ్డచోట సర్క్యూట్ ఊపిరి ఆడక చతికిలబడుతుంది. మూడోది, సన్న స్వరాల దగ్గర ఆ కొలత భాగాలే రెండో ట్రాన్సిస్టరుకు బరువైపోతాయి.

మరమ్మతు కూడా ఆ వరసలోనే. మొదటి ట్రాన్సిస్టరు స్థానంలో గెయిన్ ఎక్కువ, సొద తక్కువ ఉన్న బీసీ109సీ గానీ, దాని ప్లాస్టిక్ తమ్ముడు బీసీ549సీ గానీ పెట్టాలి. ఈ రెండింటి కాళ్ల వరస ఒకటి కాదు, చూసుకుని టంకం వేయాలి. అసలు సెట్టులో పాత జర్మేనియం ట్రాన్సిస్టరు ఉంటే మాత్రం నేరుగా మార్చడం కుదరదు. చాలావాటిలో ప్లస్, మైనస్ తిరగబడి ఉంటాయి. అలాంటప్పుడు పాత ముక్కను కదపకుండా పక్కన పెట్టి కొత్తది కట్టించుకోవడం మేలు.

సప్లైని 20 వోల్టుల పైకి తెస్తే పాటకు ఊపిరి తిరుగుతుంది. కానీ వోల్టేజీ పెంచితే రెసిస్టర్ల విలువలు మళ్లీ లెక్కగట్టాలి, కెపాసిటర్లు ఆ వోల్టేజీని తట్టుకోవాలి. చివర్లో మూడో ట్రాన్సిస్టరును ఎమిటర్ ఫాలోయర్‌గా కలిపితే రెండోదాని నెత్తిన బరువు దిగుతుంది. యాంప్లిఫయరు దాకా వెళ్లే వైరును కూడా అదే మోస్తుంది.

మిర్యాలగూడ: గుయ్యిమనే శత్రువు

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ దారి పడితే రెండు పక్కలా వరి పొలాలే. నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలాక ఈ నేల రంగే మారిపోయింది. ఎడమ కాలువ నీళ్లతో వడ్లు, వడ్లతో మిల్లులు. మూసీ దాటి ఊళ్లోకి అడుగుపెట్టేసరికి బియ్యం మిల్లుల గొట్టాలు కనిపిస్తాయి. మూసీ ఇంకొంచెం దిగువకు వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

మిల్లులున్న ఊరంటే మోటార్లున్న ఊరు. పెద్ద మోటారు మొదలైనప్పుడల్లా ఇళ్లలో దీపాలు ఓసారి కునుకు తీస్తాయి. అదే సమయానికి రికార్డు మీద టక్కుమని చప్పుడు. దానికి తోడు ఎడతెగని గుయ్యిమనే హమ్. ఇది ఈ ఒక్క ఊరి బాధే కాదు, మోటార్లు తిరిగే ప్రతిచోటా ఉన్నదే. కాకపోతే ఫోనో ప్రీయాంప్‌కు ఈ బాధ అందరికన్నా ఎక్కువ. ఎందుకో తెలుసా?

మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. సరిగ్గా ఆ 50 హెర్ట్జ్‌ల దగ్గరే ఆర్ఐఏఏ కొలత స్వరాన్ని ఏడు రెట్లు పెంచమంటుంది. పాటలోని మృదంగాన్ని పైకి తెచ్చే చెయ్యే కరెంటు రొదనూ పైకి తెస్తుంది. వడ్లతో పాటు తవుడూ వచ్చినట్టన్నమాట. మిల్లులో అయితే చెరిగేయొచ్చు. ఇక్కడ ఒకసారి కలిశాక విడదీయలేం. అందుకని రానీయకుండా చూడటమే మార్గం.

కరెంటు ట్రాన్స్‌ఫార్మరును ప్రీయాంప్‌కు వీలైనంత దూరం జరపాలి, కుదిరితే వేరే డబ్బాలో పెట్టాలి. ప్రీయాంప్‌ను ఇనుప రేకు పెట్టెలో మూయాలి. కాట్రిడ్జ్ నుంచి వచ్చే వైరు పైన జాలీ చుట్టినదై ఉండాలి. ఎర్త్ వైర్లను తలో మూల కలపకుండా అన్నింటినీ ఒకే బిందువు దగ్గరికి తేవాలి. రెండుచోట్ల కలిస్తే అక్కడో వలయం తయారై హమ్‌ను లాక్కుంటుంది. సప్లైకి ఓ రెగ్యులేటర్ ఐసీ పెడితే దీపాలు కునికినప్పుడు పాట కునకదు. వీటిలో చాలా పనులకు ఖర్చుకన్నా ఓపికే ఎక్కువ కావాలి.

ముందేది, వెనకేది?

ఉత్సాహం కొద్దీ అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. కాబట్టి ఓ వరస పాటించాలి.

ముందు ముల్లు. అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది, ఆ నష్టం ఏ సర్క్యూట్‌తోనూ తీరదు. చేతి బరువూ చూడాలి. పాత సిరామిక్ పెట్టెలు నాలుగైదు గ్రాముల బరువుతో నొక్కుతాయి. మ్యాగ్నెటిక్ కాట్రిడ్జ్‌లకు రెండు గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది.

తర్వాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. మెకానిక్కులు కండెన్సర్లంటారు. దశాబ్దాల పాటు వేడికి లోపలి ద్రవం ఎండిపోతుంది. బేస్ తగ్గడానికి, హమ్ పెరగడానికి ఎన్నోసార్లు కారణం ఇవే. వీటిని మార్చడంతోనే సగం రోగం నయమైన సెట్లు కోకొల్లలు.

మూడోది రెసిస్టర్లు. పాత కార్బన్ రెసిస్టర్లలోంచి కరెంటు పారుతుంటే బుస్సుమనే సొద పుడుతుంది. మొదటి ట్రాన్సిస్టరు చుట్టూ ఉన్నవాటి స్థానంలో మెటల్ ఫిల్మ్ రకం వేస్తే ఆ బుస తగ్గుతుంది. ఆర్ఐఏఏ కెపాసిటర్లను పాలిస్టర్ లేదా పాలీస్టైరీన్ రకంలో, మీటరుతో కొలిచి, కుడి ఎడమ చెవులకు ఒకే విలువ వచ్చేలా ఎంచుకోవాలి. లేకపోతే గాయకుడు మధ్యలో నిలబడకుండా ఓ పక్కకు ఒరిగిపోతాడు.

ట్రాన్సిస్టర్లు, సప్లై వోల్టేజీ చివర్లో. స్టీరియో సెట్టు మొత్తానికి కలిపినా నాలుగు ట్రాన్సిస్టర్లు, ముప్ఫై దాకా చిల్లర భాగాలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి విడిభాగాల బజార్లకు వెళితే దొరికేవే. ఇవన్నీ ఎందుకు, ఒక్క ఐసీ పెడితే పోదా అంటారా? పోతుంది. ఇవాళ్టి మంచి ఆప్‌యాంప్ ఐసీ ఇదే పనిని ఇంకా సులువుగా చేస్తుంది. పాత సెట్టును దాని స్వరూపంతో నిలబెట్టుకోవాలనుకునే ఇంటికి మాత్రం ట్రాన్సిస్టరు దారే ముద్దు.

ఓ జాగ్రత్త మరవద్దు. ప్లగ్గు పీకిన తర్వాతే మూత తెరవాలి. పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలవ ఉంటుంది. వాల్వుల సెట్టయితే అది ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానీయకండి. పని తెలిసిన మెకానిక్కు చేతికిస్తేనే క్షేమం.

తూకానికి వేసేముందు

అమెరికాలో 2022లో సీడీలకన్నా వినైల్ రికార్డులే సంఖ్యలో ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అక్కడ అది కొత్త సరదా. మన దగ్గర సంగతి వేరు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతాయి. కానీ మారుమూల నాటక బృందాల పద్యాలు, మళ్లీ అచ్చుకాని పాటలు, పేర్లు చెరిగిపోయిన గాయకుల గొంతులు... ఇవి ఆ నల్ల పళ్లేల మీద తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. తూకానికి వెళితే అవి కిలోల లెక్కన కరిగిపోతాయి.

ప్రీయాంప్ బాగుపడితే దాన్నుంచి ఓ వైరు కంప్యూటరుకు కలిపి ఆ గొంతుల్ని భద్రం చేసుకోవచ్చు. సర్క్యూట్ సరిగ్గా లేకుండా కాపీ చేస్తే పీలగొంతే శాశ్వతమవుతుంది.

రికార్డును చూసి అరిగిందో లేదో తేల్చడం కష్టం. సరైన ముల్లుతో, సరైన సర్క్యూట్ మీద విన్నాకే తీర్పు చెప్పాలి. అప్పటికీ గరగరే వస్తే అప్పుడు అరిగిందనుకోవచ్చు. సూర్యాపేట జాతరలో మోగినా, కోదాడ పెళ్లిపందిట్లో మోగినా, మిర్యాలగూడ మిల్లు వెనక ఇంట్లో మోగినా... పాత సామాన్ల బండి గుమ్మం ముందు ఆగినప్పుడు రికార్డుల కట్ట ఇచ్చేముందు, పెట్టె మూత ఒక్కసారి తెరిపించి చూడండి.